చిన్న రాజ్యము – మన గ్రామ పంచాయతీ

  నేను పెన్నానది యొడ్డున నున్న సంగం గ్రామమువాడను. ముప్పది యేండ్లకు పైగా ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల పాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి పొందితిని. రాజకీయములు నా వృత్తి కావు. ఏ పక్షమునకును నేను చెందినవాడను గాను. అయినను మన దేశమున ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఉపాధ్యాయుడు పాఠము చాలించి పోలింగు బల్లకడ కూర్చుండవలసినదే గనుక, ఓటు వేయువారి ముఖములను చాలకాలము దగ్గరనుండి చూచితిని. ఆ యనుభవముతో నేడు మిక్కిలి చిన్నదియైన యొక దేశపు శాసనసభ యెన్నికలను గూర్చి మనవి చేయదలచితిని. సముద్రముల కావల నున్న దేశముతో మనకేమి పని యని తొందరపడి యడుగకుడు. ప్రసంగము ముగియులోపల మరల మీ రచ్చబండకడకే వత్తును.

ఆ దేశము పేరు సాన్ మారినో. అది యూరపు ఖండమున నాలుగు దిక్కుల ఇటలీ దేశముచే చుట్టబడి, టిటానో అను కొండను ఆశ్రయించి యున్నది. దాని వైశాల్యము 61 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఉదయము కొండక్రింద బయలుదేరిన పాదచారి మధ్యాహ్న భోజనమునకు దేశమును దాటిపోవచ్చును. జనసంఖ్య సుమారు 34 వేలు. అనగా మనవైపు నొక మండలమునందలి జనమంత. మారినో అను రాళ్లు కొట్టు పనివాడొకడు క్రీస్తుశకము 301వ సంవత్సరమున ఆ కొండపై నివాసమేర్పరచెనని వారి ఐతిహ్యము. రాజ్యమును స్థాపించినవాడు రాజు గాక కూలివాడని చెప్పుకొనుట వారికి గర్వకారణము. ఆ దేశమునకు రాజు లేడు. గ్రాండ్ అండ్ జనరల్ కౌన్సిల్ అను మహాసభయే వారి శాసనసభ. అందు 60 మంది సభ్యులు. అయిదేండ్లకొకమారు ఎన్నిక. 2024వ సంవత్సరము జూను 9వ తేదీన అట్టి యెన్నిక యొకటి జరిగినది.

ఇచ్చట ఒక చిన్న లెక్క చేయుదము. 34 వేల జనమునకు 60 మంది సభ్యులనిన, సుమారు 570 మంది జనమునకు ఒక సభ్యుడు. మన ఆత్మకూరు శాసనసభా నియోజకవర్గమును చూడుడు. సంగం, చేజర్ల, అనంతసాగరం, మర్రిపాడు, అనుమసముద్రంపేట మొదలగు మండలములన్నియు కలిసి ఒకే సభ్యుని పంపును. 2022వ సంవత్సరము జూనులో అచ్చట ఉపయెన్నిక జరిగినప్పుడు ఓటరుల సంఖ్యయే రెండు లక్షలు దాటియుండెను. రెండు లక్షలమందిలో ఒకని ఓటు పెన్నా వరదలో కలిసిన దోసెడు నీరు. ఆ కొండదేశమున నన్ననో, సభ్యుడు తన ఓటరును పేరుపెట్టి పిలువగలడు. ఓటరు సభ్యుని వీధిలో నిలిపి ప్రశ్నింపగలడు. మరి అట్టి సభ్యునికి మన దేశమున సాటివాడెవడు? ఢిల్లీ సభ్యుడు గాడు, అమరావతి సభ్యుడు గాడు. మన వార్డు సభ్యుడు. కొన్ని వందల ఓటులకు ఒక సభ్యుడు, కొన్ని వేల జనమునకు ఒక సభ. కావున ఆ దేశపు పార్లమెంటును పోల్చిచూడవలసినది మన గ్రామ పంచాయతీతో. మన పంచాయతీ చిన్నదని చులకనగా చూచువారు, ఐక్యరాజ్యసమితిలో కుర్చీగల యొక స్వతంత్రదేశము ఈ కొలతతోనే నడచుచున్నదని గమనింపవలెను.

ఇక ఆ చిన్న రాజ్యము అధికారమును ఎట్లు అదుపులో నుంచుకొన్నదో చూతము. మహాసభ తనలోనుండి ఇద్దరిని దేశాధ్యక్షులుగా ఎన్నుకొనును. వారికి కాప్టెన్ రీజెంటులని పేరు. ఒకడు గాక ఇద్దరేల యనగా, ఒకరి నొకరు కనిపెట్టి యుండుటకు. వారి పదవి ఆరు నెలలు మాత్రమే. ఏప్రిలు 1వ తేదీన ఒక జంట, అక్టోబరు 1వ తేదీన మరియొక జంట పదవి నెక్కును. దిగినవారు మరల మూడేండ్లవరకు ఆ పదవికి రారాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. వారు పదవి దిగిన వెంటనే, నియమితమైన కొన్ని దినములలో, ఏ పౌరుడైనను వచ్చి “వీరు పదవిలో నుండగా ఈ తప్పు చేసిరి” అని ఫిర్యాదు చేయవచ్చును. దానిపై విచారణ జరుగును. అంతియేగాక, కొత్త జంట పదవి నెక్కిన పిదప వచ్చు మొదటి ఆదివారమున పౌరులు దేశహితమునకు సంబంధించిన విన్నపములను సమర్పింపవచ్చును. వానిని మహాసభ చర్చింపవలసినదే. ఏటికి రెండుమారులు సామాన్యుని మాటకు రాజ్యము చెవి యొగ్గుననుట. ఈ రెండుమారులను గుర్తుంచుకొనుడు, మరల ప్రస్తావించెదను.

ఆ దేశము ఎల్లప్పుడును ఇట్లే యుండెననుకొనరాదు. పూర్వము కుటుంబ పెద్దలందరు ఒకచోట కూడి ఊరి సంగతులు తీర్మానించుచుండిరి. ఆ కూటమికి అరెంగో అని పేరు. కాలక్రమమున అధికారము మహాసభకు చేరెను. పిదప మహాసభలో ఒకడు చనిపోయిన, మిగిలిన సభ్యులే తమకు నచ్చినవానిని ఆ చోట నియమించుకొన మొదలిడిరి. ప్రజల నడుగుట లేదు; ఓటు లేదు; కలహము లేదు. పైకి చూచిన ఎంత ప్రశాంతము! ఈ విధముగా శతాబ్దములు గడచినవి. సభ కొన్ని కుటుంబముల సొత్తయ్యెను. తుదకు 1906వ సంవత్సరము మార్చి 25వ తేదీన ఆ పురాతనమైన కూటమిని మరల పిలిచిరి. వందలకొలది కుటుంబ పెద్దలు వచ్చి, ఇకమీద మహాసభను ప్రజలే ఎన్నుకొనవలెనని అత్యధిక సంఖ్యతో తీర్మానించిరి. ఆ యేడే ఎన్నిక జరిగెను. పెద్దలారా, ఇచ్చట ఒక క్షణము ఆగుదము. ఆనాడు తీర్మానించినవారు కుఱ్ఱవాండ్రు గారు. మీవంటి పెద్దలే, మీవలె ఇంటికి యజమానులే. పెద్దరికమునకు భంగమని వారు తలంపలేదు. పెద్దరికమును నిలుపు మార్గమిదియే యని తలంచిరి.

అయితే వారి తీర్పునందును ఒక లోపము మిగిలియుండెను. స్త్రీలకు ఓటు లేదు. ఆ దేశపు స్త్రీలు మొదటిసారి మహాసభ యెన్నికలో ఓటు వేసినది 1964లో. మన దేశమున 1951-52 సంవత్సరములలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలనుండియే వయోజనులైన స్త్రీపురుషు లందరకును ఓటు కలదు. ఈ విషయమున ఆ పురాతన రాజ్యము మనకంటె వెనుకబడినది. చట్టమున మనము ముందున్నాము. ఆచరణ మాటయేమో తరువాత విచారింతము.

మన దేశమునకు ఈ విద్య పరదేశమునుండి వచ్చినదని యనుకొననక్కరలేదు. మన నెల్లూరికి దక్షిణమున కాంచీపుర ప్రాంతమందు ఉత్తరమేరూరను ఊరు కలదు. అచ్చటి దేవాలయపు గోడలపై మొదటి పరాంతక చోళుని కాలపు శాసనములు, అనగా సుమారు 920వ సంవత్సర ప్రాంతమువి, నేటికిని నిలిచియున్నవి. గ్రామసభకు సభ్యులను ఏర్పరచు విధానము అందు చెక్కబడినది. అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి, కుండలో వేసి, కలియబెట్టి, ఏమియు నెఱుగని బాలునిచేత ఒక్కొక్కటి తీయించి, సభలో అందరు వినునట్లు చదువవలెను. అర్హత వయస్సు 35 మొదలు 70 వరకు. గత మూడేండ్లలో పదవి చేసినవాడు పనికిరాడు. పూర్వము పదవిలో నుండి లెక్క యొప్పగింపనివాడు పనికిరాడు. వాని బంధువులును పనికిరారు! ఆ సభలో అందరికిని చోటు లేదనుట నిజమే. అది భూమియు, ఇల్లును, వేదవిద్యయు గలవారి సభ. నేటి మన చట్టము అంతకంటె విశాలమైనది. అయినను లెక్క చెప్పనివానికి పదవి లేదను ఆ యొక్క నియమము వేయి యేండ్లు గడచినను పాతబడలేదు.

ఇప్పుడు మన పంచాయతీని చూతము. 1959వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్య వ్యవస్థ ప్రారంభమయ్యెను. 1992లో రాజ్యాంగమునకు 73వ సవరణ జరిగి, 1993 ఏప్రిలు 24వ తేదీనుండి అమలునకు వచ్చెను. దాని ననుసరించి 1994లో మన రాష్ట్రమున పంచాయతీరాజ్ చట్టము వచ్చెను. సర్పంచిని గ్రామ ఓటరులందరు సూటిగా ఎన్నుకొందురు. జనసంఖ్యను బట్టి 5 మొదలు 21 వరకు సభ్యులుందురు. ఈ యెన్నికలు రాజకీయపక్షముల గుర్తులపై జరుగవు. ఓటరుల జాబితాలో పేరున్న ప్రతి మనుష్యుడును గ్రామసభలో సభ్యుడే. ఏటికి కనీసము రెండుమారులు గ్రామసభ కూడవలెను. పంచాయతీ జమాఖర్చులు అందు ఉంచవలెను. సాన్ మారినోలో ఏటికి రెండుమారులు విన్నపముల దినము కలదంటిని గదా! మనకును రెండుమారులు కలవు. వారు ఆ దినమున విన్నపములు సమర్పింతురు. మనము పలుతావుల రిజిస్టరు ఇంటింటికి త్రిప్పి వ్రేలిముద్రలు సేకరించి, సభ జరిగినదని వ్రాసికొందుము.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. మన గ్రామములలో ఏకగ్రీవమను మాటకు గొప్ప గౌరవము కలదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశమున నాలుగు విడతలుగా పంచాయతీ యెన్నికలు జరిగినప్పుడు రెండువేలకు పైగా పంచాయతీలలో సర్పంచులు పోటీలేకయే ఎన్నికైరి. ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వము ప్రోత్సాహక ధనమును గూడ ప్రకటించెను. పెద్దలు దీనికి చెప్పు కారణములు తేలికైనవి కావు. పోటీ వచ్చిన అన్నదమ్ములు విడిపోవుదురు. పెండ్లి పేరంటములకు పిలుపులు నిలిచిపోవును. ఒక వారమునకై పొలము తాకట్టు పెట్టి సారాయికి ఖర్చు చేయుదురు. ఎన్నిక పోయినను పగ పోదు. ఇవి నేను కన్నులార చూచినవే. కావున “అందరము కూర్చుండి ఒకనిని నిర్ణయింతము” అను పెద్దల మాటను నేను ఎగతాళి చేయను. ఒకప్పుడు నేనును ఆ మాటకే తల యూపితిని. ఆ సంగతి మీకు దాచక చెప్పవలసియున్నది.

అది 2006వ సంవత్సరపు పంచాయతీ యెన్నికల కాలము. నేను మెట్టప్రాంతమున ఒక యూరిలో పనిచేయుచుంటిని. ఊరి పేరు చెప్పను. ఒక రాత్రి పెద్దలు రావిచెట్టు క్రింద కూడిరి. పదవిని వేలమువేసిరి. దేవాలయపు ప్రహరీగోడకు ఎక్కువ ధనమిత్తునన్నవానికి సర్పంచి పదవి యని తేల్చిరి. పోటీకి మరెవరును నామినేషను వేయరాదని నిర్ణయము. దానిని కాగితముపై పెట్టవలసివచ్చినప్పుడు, “అయివారి చేవ్రాత బాగుండును” అని నన్ను పిలిపించిరి. ప్రభుత్వోద్యోగిని, అట్టి పనికి చేయి కలుపరాదని తెలియనివాడను గాను. పదవిని వేలము వేయుట చట్టవిరుద్ధమనియు తెలియును. అయినను పెద్దల మాట కాదనలేక, దేవుని కార్యము గదా యని మనస్సును సమాధానపరచుకొని, లాంతరు వెలుతురున ఆ యొడంబడికను గుండ్రని యక్షరములతో వ్రాసితిని. ఊరిలో ఎన్నిక లేదు, కలహము లేదు, గోడ లేచినది. అందరు మెచ్చుకొనిరి.

రెండేండ్ల పిదప వేసవిలో, చెరువుకట్ట క్రింద నున్న యానాదుల వాడలో బోరు మోటారు కాలిపోయెను. నెలలు గడచినను బాగుచేయించువారు లేరు. ఆ వాడ స్త్రీలు మైలుదూరము పోయి పొలములలోని బావినుండి నీరు మోసికొనిరి. ఒకనాడు ఆ వాడ పెద్దామె బడి యరుగు క్రింద నిలిచి నాతో నిట్లనెను: “అయివోరా, సర్పంచి కాడికి పోతే, నేను దుడ్డు పెట్టి తెచ్చుకున్న పదవి, మీరేసిన ఓటు కాదు పో అన్న్యాడు. ఓటేసుంటే అడిగేదానికి మాకు నోరుండేది. నువ్వు రాసిన కాయితంలో మా వాడ పేరుండాదా సామీ?”

నేను మారుపలుక లేకపోతిని. ఆ కాగితములో వారి వాడ పేరు లేదు. ఆ రాత్రి రావిచెట్టు క్రిందికి వారిని పిలిచినవారు లేరు. ఏకగ్రీవమని వ్రాసినవాడను నేనే. ఆ గ్రీవములలో వారి కంఠము లేదని గమనింపనివాడనును నేనే. వ్యాకరణము బోధించువాడను, ఆ యొక్క మాటకు అర్థము ఒక నిరక్షరాస్యురాలివద్ద నేర్చుకొంటిని. మరునాడు మండల కార్యాలయమునకు పోయి అర్జీ వ్రాసియిచ్చితిని. కొన్నాళ్లకు మోటారు వచ్చినది. కాని అర్జీతో తీరు తప్పు గాదది.

మరియొక సంగతి చెప్పెదను. 2013 జూలైలో మరియొక గ్రామమున నేను పోలింగు అధికారిగా నుంటిని. ఒక వార్డునకు ఇద్దరు పోటీచేసిరి. వరుసకు వారు బావమరదులు. ఊరందరు తగవు జరుగునని భయపడిరి. మధ్యాహ్నము ఓటులు లెక్కపెట్టగా మూడు ఓటుల తేడాతో ఒకడు గెలిచెను. రెండవవాడు మరల లెక్కపెట్టుమని కోరెను, లెక్కపెట్టితిమి, మూడే. అతడు కొంతసేపు గోడకానుకొని నిలిచి, పిదప గెలిచినవానిని తన మోటారు సైకిలుపై ఎక్కించుకొని యింటికి పోయెను. పోవుచు “మామా, ఆ మూడోట్లు గుర్తు పెట్టుకో” అని నవ్వెను. ఆ వార్డున మురుగుకాలువ పని ఆరునెలలలో జరిగినదని తరువాత వింటిని. మూడు ఓటుల భయము చేసిన పని యది. పోటీ ప్రతిచోట పగగా మారునని చెప్పరాదు. లెక్క సరిగా జరిగిన చోట ఓడినవాడును తలయెత్తుకొని తిరుగగలడు.

కావున ఏకగ్రీవము చెడ్డదని నేననను. పోటీలేని యెన్నికను చట్టము అంగీకరించును. నిజముగా గ్రామమంతయు కోరుకొన్న మనుష్యుడుండిన, అంతకంటె భాగ్యమేమి? కాని సమ్మతివలన కలిగిన ఏకగ్రీవము వేరు, ఆజ్ఞవలన కలిగిన ఏకగ్రీవము వేరు. ఈ రెంటికి భేదమెట్లు తెలియును? నాకు తోచిన పరీక్షలు కొన్ని మనవి చేసెదను. ఆ రాత్రి రచ్చబండకు చివరివాడవారు వచ్చిరా? వచ్చినవారు మాటలాడిరా, కేవలము నిలుచుండిరా? నామినేషను వేయదలచినవాని యింటికి నలుగురు పోయి నచ్చజెప్పిరా, భయపెట్టిరా? పదవికి వెల కట్టితిరా? స్త్రీకి కేటాయింపబడిన పదవియైనచో, ఆమెను ఒకమాట యడిగితిరా, లేక ఆమె భర్తతోనే తేల్చుకొంటిరా? ఈ ప్రశ్నలకు మీ మనస్సు తడబడక జవాబు చెప్పిన, ఏకగ్రీవము చేయుడు. తడబడిన, పెట్టెను పెట్టనిండు, ఓటు పడనిండు.

చిన్న యూరిలో అందరికి అందరును తెలిసినవారే. అప్పిచ్చినవాడు, కౌలుకిచ్చినవాడు, పిల్లనిచ్చినవాడు ఎదుటనే యుందురు. నోటితో కాదనుట పేదవానికి సాధ్యము గాదు. అందుచేతనే ఓటు రహస్యముగా నుండవలెనని చట్టము విధించినది. రచ్చబండపై చేతులెత్తుటకును, తెరచాటున ముద్ర వేయుటకును గల తేడా ఇదియే. పేదవాడు ఎవరిని నొప్పింపక తన మనస్సు చెప్పుకొనగలుగు తావు ఊరంతటిలో ఆ తెరచాటు ఒక్కటే. ఏకగ్రీవము పేరిట దానిని తీసివేయునప్పుడు మనమేమి తీసివేయుచున్నామో తెలిసి చేయవలెను.

ఎన్నిక జరిగినను, జరుగకపోయినను, పెద్దలు చేయదగిన పని యింకొకటి కలదు. గ్రామసభను నిజముగా కూర్పుడు. రిజిస్టరు త్రిప్పుట మానుడు. ఏటికి రెండుమారులు రావిచెట్టు క్రింద చాపలు పరపించి, వచ్చిన సొమ్మెంత, వ్యయమైనదెంత, మిగిలినదెంత యని బిగ్గరగా చదివింపుడు. చదువుటకు మీ యూరి అయివారు ఉండనే యున్నారు. చెరువుకట్ట క్రిందివారిని ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. లెక్క వినిన పిదప అడుగుటకు వారికి నోరు వచ్చును. చెప్పుటకు సర్పంచికి బాధ్యత వచ్చును. ఆ కొండదేశము చిన్నదైనను బ్రదికియున్నది, పదవి దిగినవానిని లెక్క యడుగు నలవాటు దానికి ఉన్నందున. ఉత్తరమేరూరువారు ఆ మాటనే రాతిపై చెక్కిరి. మనకు రాయి యక్కరలేదు. నల్లబల్ల యొకటి పంచాయతీ గోడకు తగిలించి సుద్దముక్కతో వ్రాసిన చాలును.

మా సంగం ఆనకట్టకడ నీటిని పంచువాడు ఏ కాలువకు ఎంత పోయినదో కొలత చూచియే షట్టరు దించును. కొలత లేకున్న పైకాలువవాడు తడుపుకొనును, చివరికాలువవాడు ఎండును. గ్రామాధికారమును కొలుచుటకు ఓటే కొలబద్ద. అది చివరికాలువవాని చేతిలో గూడ ఉండవలెను. నేను వ్రాసిన ఆ కాగితము ఏమైనదో ఇప్పుడు నాకు తెలియదు. మీలో ఎవరైనను అట్టి కాగితముపై చేవ్రాలు చేయుటకు కలము చేతబట్టినప్పుడు, ఆ పెద్దామె నన్నడిగిన ప్రశ్నను ఒకమారు తలచుకొనుడు: అందులో ఎవరి పేరు లేదు?